కుర్చీ ముందు, ఓటు తర్వాత

(ఓటు దారిలో ఆడవాళ్లు – తొమ్మిదో భాగం)

పోయిన వారం న్యూజిలాండ్‌లో, వైపాటు అనే చోట ఆగాం. 1893 మే నెలలో, మావోరీలు తమ కోసం తాము నడుపుకుంటున్న పార్లమెంటులో మేరీ తే తాయి మంగాకాహియా లేచి మాట్లాడింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు నిండీ నిండలేదు. ఆడవాళ్లకు ఓటు కావాలంది. ఆ సభలో సభ్యులుగా కూర్చునే హక్కూ కావాలంది. మాకు భూములున్నాయి, మాలో భర్తలు పోయినవాళ్లున్నారు, భూమి సంగతి మగవాళ్ల కంటే బాగా తెలిసినవాళ్లున్నారు అని చెప్పింది. మగవాళ్లు ఇంగ్లండు రాణికి ఎన్ని అర్జీలు పెట్టుకున్నా ఫలం లేకపోయింది, రాణీ ఆడదే కనుక మేం అడిగితే వింటుందేమో అని కూడా అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు మనవాళ్లు. మేరీ అడిగింది. ఆ సెప్టెంబర్ 19న న్యూజిలాండ్ ప్రభుత్వం ఆడవాళ్లందరికీ, మావోరీ స్త్రీలతో సహా, ఓటు ఇచ్చింది. మావోరీ సభ మాత్రం తన ఆడవాళ్లకు ఓటు ఇవ్వడానికి 1897 దాకా తాత్సారం చేసింది.

ఈ వారం వచ్చిన దేశంలో మన సామెత తడబడుతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్. మనవాళ్లు నూటికి తొంభై మంది ‘దుబాయి’ అనే ఒక్క మాటలో చుట్టేసే ఏడు ఎమిరేట్ల సమాఖ్య. ఇక్కడ ఓటు కోసం ఆడవాళ్ల ఊరేగింపులు లేవు, నిరాహార దీక్షలు లేవు. అయినా 2019 నాటికి దేశ సభలో సరిగ్గా సగం కుర్చీల్లో ఆడవాళ్లున్నారు. పెట్టింది ఎవరు, పెట్టింది ఏమిటి, ఎవరి దాకా అందింది అన్నదే ఈ వారం కథ.

*

చమురు రాకముందు ఈ తీరం ముత్యాల మీద బతికింది. ఏటా ఎండాకాలంలో, జూన్ మొదలు సెప్టెంబర్ దాకా నాలుగు నెలలు, ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్లంతా పడవలెక్కి సముద్రంలోకి వెళ్లేవాళ్లు. ముక్కుకు క్లిప్పు బిగించుకుని, కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుక్కి దిగి ఆల్చిప్పలు ఏరేవాళ్లు. పడవ నడిపే నాఖుదా దగ్గర ముందే అప్పు తీసుకుని వెళ్లేవాళ్లు కనుక, ముత్యం దొరికినా దొరక్కపోయినా అప్పు మాత్రం మిగిలేది.

ఆ నాలుగు నెలలూ ఊరు ఆడవాళ్లది. బావి నుంచి నీళ్లు తోడింది వాళ్లు. మేకల్ని కాసింది, చేపలు ఎండబెట్టింది, ఖర్జూరపు మట్టలతో చాపలూ బుట్టలూ అల్లింది వాళ్లు. ఖర్జూరాలు పండే వేళకు పిల్లల్ని, ముసలివాళ్లని వెంటబెట్టుకుని తోటలకు వెళ్లేవాళ్లూ ఉండేవారు. అప్పులవాడికి జవాబు చెప్పేదీ, పిల్లాడికి జ్వరమొస్తే మందు నూరేదీ, పడవ తిరిగి రాకపోతే తర్వాతి బతుకు చూసుకునేదీ వాళ్లే.

ఇది చదువుతుంటే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లోని పాఠకులకు కొత్తగా ఏమీ అనిపించదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు ముక్కల్లో మగవాడి జాతకం చెప్పుకునే ఊళ్లు అవి. భర్త రెండేళ్లకోసారి నెల రోజులకు వస్తాడు. బీడీలు చుట్టి, నాట్లేసి, చిట్టీలు కట్టి, ఏజెంటు అప్పుకు వడ్డీ లెక్క చూసి ఇల్లు నడిపేది భార్య. ముత్యాల కాలం ఆడది నాలుగు నెలలు చేసిన సంసారాన్ని మన గల్ఫ్ భార్య ఇరవై ఏళ్లు చేస్తుంది. అటు తీరంలో నూరేళ్ల కిందటి కథ, ఇటు మన పల్లెలో నేటి కథ. రెండింటిలోనూ ఇంటి మీద పెత్తనం ఆడవాళ్ల చేతికి వచ్చింది, ఊరి మీద పెత్తనం మాత్రం సముద్రం దాటి వెళ్లిన మగవాడి కోసం అలాగే ఎదురుచూస్తూ ఉండిపోయింది.

పాలకుల ఇళ్లలో సంగతి వేరు. అబుదాబి పాలక వంశంలో 1922 నుంచి 1928 మధ్య ముగ్గురు పాలకులు వరసగా కుటుంబ కలహాల్లోనే హతమయ్యారు. వాళ్లలో 1926లో చనిపోయిన సుల్తాన్ భార్య షేఖా సలామా బింత్ బుట్టీ. ఆమె తన నలుగురు కొడుకులనీ దగ్గర కూర్చోబెట్టుకుని, ఒకరి మీద ఒకరు కత్తి ఎత్తబోమని ఒట్టు వేయించుకుంది. 1928లో పెద్దకొడుకు షఖ్బూత్ గద్దెనెక్కాడు. 1966లో అతణ్ని దించి తమ్ముడు జాయెద్ పాలకుడయ్యాడు. నెత్తురు చుక్క చిందలేదు. అన్న దేశం వదిలి వెళ్లి, తర్వాత తిరిగి వచ్చి తన గడ్డ మీదే కన్నుమూశాడు. ఆ జాయెదే 1971 డిసెంబర్ 2న ఏర్పడిన సమాఖ్యకు తొలి అధ్యక్షుడు. ఒక తల్లి వేయించుకున్న ఒట్టు నలభై ఏళ్లు నిలిచింది. దాన్ని రాజకీయం అనక ఏమంటాం?

దుబాయ్‌లో షేఖా హిస్సా బింత్ అల్ ముర్ ఇంకో రకం మనిషి. పాలకుడు సయీద్ భార్య, ఆ తర్వాత దుబాయ్‌ని ఏలిన రాషిద్ తల్లి. వ్యాపారం చేసింది. తన సొంత మజ్లిస్ పెట్టి, అక్కడికి వచ్చిన మగవాళ్లతో వ్యవహారాలు మాట్లాడింది. మజ్లిస్ అంటే మన రచ్చబండ, కచేరీ చావడి రెండూ కలిసిన చోటు అనుకోండి. తివాచీ మీద వరసగా దిండ్లు, నడుమ కాఫీ కూజా, వచ్చినవాడు చెప్పుకునే మొర, పాలకుడు అక్కడికక్కడ చెప్పే తీర్పు. ఆ గదిలో ఆడవాళ్లకు చోటు లేదు. హిస్సా తన గది తానే పెట్టుకుంది. 1938లో దుబాయ్ వర్తకులు పాలకుడి ఆదాయానికీ అధికారానికీ కళ్లెం వేయాలని సంస్కరణ సభ పెట్టినప్పుడు ఆమె భర్త పక్షాన నిలబడింది. 1939 మార్చిలో కొడుకు పెళ్లి నాడు ఆ సభ కూలింది. గద్దె పక్కనున్న స్త్రీ గద్దె బలాన్నే తన బలం అనుకోవడం చరిత్రలో కొత్త కాదు. అయితే ఆ రోజు కూలిన సభలో సామాన్యుల ఇళ్ల ఆడవాళ్లకూ చోటు లేదు.

*

1972 ఫిబ్రవరి 12న సమాఖ్య జాతీయ మండలి మొదటిసారి కొలువుదీరింది. 40 మంది సభ్యులు. అబుదాబికి 8, దుబాయ్‌కి 8, షార్జా, రస్ అల్ ఖైమాలకు ఆరేసి, అజ్మాన్, ఉమ్ అల్ ఖువైన్, ఫుజైరాలకు నాలుగేసి. అందరినీ ఆయా పాలకులే నియమించారు. నలభై మందీ మగవాళ్లే. ముప్పై నాలుగేళ్ల పాటు అంతే. రాజ్యాంగంలోని 25వ అధికరణం చట్టం ముందు అందరూ సమానమంటుంది. జాతి, మతం, సాంఘిక హోదా అన్నీ పేరుపేరునా చెప్పి వాటి వల్ల తేడా చూపరాదంటుంది. ఆ జాబితాలో ఆడా మగా అన్న మాట లేదు.

ఈలోగా మార్పు వేరే గుమ్మం నుంచి వచ్చింది. జాయెద్ భార్య షేఖా ఫాతిమా బింత్ ముబారక్ 1973లో అబుదాబిలో ఒక మహిళా సంఘం పెట్టింది. మిగతా ఎమిరేట్ల సంఘాలను కలుపుకుని 1975 ఆగస్టులో అది జనరల్ విమెన్స్ యూనియన్ అయింది. మొదట్లో దాని పని అక్షరాలు దిద్దించడం, కుట్టుపని నేర్పడం, తల్లీబిడ్డల ఆరోగ్యం. చదువు రాని తల్లులు సాయంత్రం పూట పలక పట్టారు. కూతుళ్లు అల్ ఐన్‌లో పెట్టిన కొత్త విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఒక తరం తిరిగేసరికి విశ్వవిద్యాలయాల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువయ్యారు. షేఖా ఫాతిమాను ఇక్కడి వాళ్లు ‘ఉమ్ అల్ ఇమారాత్’ అంటారు. ఎమిరేట్ల తల్లి అని. అడగకుండానే పెట్టిన అమ్మ అన్నమాట.

నిజంగానే అడగలేదా? వీధిలో నిలబడి అడగలేదు. పార్టీలు పెట్టుకునే వీల్లేని చోట వీధిలో అడగడం తేలిక కాదు. చదువుకుని, ఉద్యోగాల్లో చేరి, సంఘం సమావేశాల్లో చెప్పి, ఇంట్లో తండ్రినీ అన్ననూ ఒప్పించి అడిగారని నా నమ్మకం. అలాంటి అడగడం పత్రికలకు ఎక్కదు.

2001లో షార్జా పాలకుడు తన సలహా మండలిలో ఐదుగురు స్త్రీలను నియమించాడు. 2004 నవంబర్‌లో షేఖా లుబ్నా అల్ ఖాసిమీ ఆర్థిక, ప్రణాళికా శాఖ మంత్రి అయింది, దేశానికే తొలి మహిళా మంత్రి. షార్జా పాలక కుటుంబంలో పుట్టినా అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివి, దుబాయ్‌లో ఉద్యోగం చేసి, 2000లో ఆన్‌లైన్ వ్యాపారానికి ‘తెజారీ’ అనే సంస్థను నిలబెట్టి వచ్చిన మనిషి.

*

ఇక ఓటు. 2006 డిసెంబర్‌లో 16, 18, 20 తేదీల్లో దేశ చరిత్రలో తొలి ఎన్నికలు జరిగాయి. ఎన్నికలనగానే మన ఊళ్లో లాగా మైకులు, జెండాలు, బూత్ ముందు బారులు ఊహించుకోవద్దు. నలభై స్థానాల్లో సగానికే ఎన్నిక. మిగతా సగం ఎప్పటిలాగే నియామకం. ఓటు అందరికీ లేదు. ప్రతి పాలకుడూ తన ఎమిరేట్‌లో ఓటర్లను తానే ఎంచి జాబితా వేశాడు. దేశం మొత్తం మీద ఆ జాబితాలో ఉన్నది ఆరున్నర వేల పైచిలుకు. వాళ్లలో ఆడవాళ్లు ఆరింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువ. జాబితాలో పేరు ఉన్నవాళ్లే ఓటు వేయాలి, వాళ్లే పోటీ చేయాలి. తోడబుట్టిన ఇద్దరిలో ఒకరికి ఓటుండి రెండోవారికి లేకపోవడం కూడా జరగగల ఏర్పాటది.

పోటీ పడిన నాలుగు వందల యాభై పైచిలుకు మందిలో అరవై మందికి పైగా ఆడవాళ్లు. గెలిచింది ఒక్కతే. అబుదాబి నుంచి అమల్ అల్ ఖుబైసీ. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పంలో డాక్టరేట్ చేసి, పాత మట్టి కోటలను, కట్టడాలను కాపాడే పనిలో ఉన్న స్త్రీ. మగవాళ్లు అంతమంది ఉన్న జాబితాలో మగవాళ్ల ఓట్లు రాకుండా ఆమె గెలిచి ఉండదు. దీని మీద ఎందుకో ఎవరూ ఎక్కువగా రాయలేదు. నాకు మాత్రం ఈ మొత్తం కథలో ఇదే గట్టి చోటు అనిపిస్తుంది. ఎవరి ఆజ్ఞా లేకుండా, కోటా లేకుండా, గల్ఫ్ సమాజంలో మగవాడు చాటున నిలబడి ఒక ఆడమనిషి పేరు ఎంచుకున్నాడు. పాలకులు మరో ఎనిమిది మందిని నియమించారు. నలభైలో తొమ్మిది.

2011లో ఓటర్ల జాబితా లక్షా ఇరవై తొమ్మిది వేలు దాటింది. అందులో దాదాపు సగం ఆడవాళ్లే. ఆడ ఓట్లు అన్ని పెరిగాయి కదా, ఆడ సభ్యులూ పెరిగి ఉంటారనుకుంటాం. మళ్లీ ఒక్కతే గెలిచింది. ఉమ్ అల్ ఖువైన్ నుంచి షేఖా ఈసా ఘానెం అల్ అరీ. 2015లో జాబితా 2,24,279కి పెరిగింది. అప్పుడూ ఒక్కతే, రస్ అల్ ఖైమా నుంచి నామా అల్ షర్హాన్. మూడు ఎన్నికలు, ముగ్గురు. ఓటు ఆడవాళ్ల చేతికి వచ్చినంత మాత్రాన ఆడవాళ్లకు పడదన్నది మనకు తెలియని సంగతా? తెగ పేరు, కుటుంబం పేరు, చాటుమాటు పలుకుబడి అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి.

అదే 2015 నవంబర్‌లో, ఈసారి నియమిత సభ్యురాలిగా వచ్చిన అమల్ అల్ ఖుబైసీని మండలి తన అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. అరబ్ ప్రపంచంలో ఒక జాతీయ సభకు అధ్యక్షత వహించిన తొలి స్త్రీ ఆమె. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మంత్రివర్గం మారినప్పుడు షమ్మా అల్ మజ్రూయీ అనే అమ్మాయి యువజన మంత్రి అయింది. వయసు 22.

2018 డిసెంబర్‌లో అధ్యక్షుడు షేఖ్ ఖలీఫా ఆదేశం వచ్చింది. రాబోయే మండలిలో సగం స్థానాలు ఆడవాళ్లకు. 2019 అక్టోబర్ 5న ఎన్నికలు జరిగాయి. ఎన్నికై వచ్చినవాళ్లు ఏడుగురు, నియామకంతో వచ్చినవాళ్లు పదముగ్గురు, మొత్తం ఇరవై. 2021లో ప్రపంచ పార్లమెంట్ల జాబితా వేసినప్పుడు రువాండా, క్యూబాల తర్వాత మూడో స్థానం ఈ ఎడారి దేశానిది.

మేరీ దేశంతో పోల్చి చూడండి. న్యూజిలాండ్‌లో ఓటు 1893. పోటీ చేసే హక్కు 1919. తొలి మావోరీ మహిళా సభ్యురాలు ఇరియాకా రాతానా గెలిచింది 1949. పార్లమెంటులో ఆడవాళ్లు సగం దాటింది 2022 అక్టోబర్‌లో, సొరాయా పెకే మేసన్ అనే మావోరీ స్త్రీ ప్రమాణం చేసిన రోజున. ఓటు నుంచి సగానికి 129 ఏళ్లు పట్టింది. ఎమిరేట్స్‌లో తొలి ఓటు నుంచి సగానికి 13 ఏళ్లు. అయితే అక్కడి సగం చట్టం చేసే సభలో సగం. ఇక్కడి మండలి చట్టాల ముసాయిదాలు చూసి సలహా చెబుతుంది, మంత్రుల్ని ప్రశ్నిస్తుంది. తానుగా చట్టం పెట్టలేదు. మండలి కాదన్న ముసాయిదాను కూడా ఏడుగురు పాలకుల సుప్రీం కౌన్సిల్ ఆమోదించవచ్చు. ఆ ఏడు కుర్చీల్లో ఆడవాళ్లు లేరు. అందరికీ ఓటు, మండలికి పూర్తి శాసనాధికారం కావాలని 2011 మార్చిలో 133 మంది పౌరులు అర్జీ పెట్టారు. ఆ అర్జీని ఒప్పుకోలేదు. 2013లో దేశద్రోహం ఆరోపణపై 94 మందిని విచారించారు. వారిలో పదముగ్గురు ఆడవాళ్లు. వాళ్లందరినీ నిర్దోషులని వదిలేసి, 69 మందికి శిక్ష వేశారు. ఇక్కడ కుర్చీ ఇచ్చే చెయ్యి ఉదారమైనది. అడిగే గొంతుకు మాత్రం హద్దు ఉంది.

అలాగని ఇచ్చిన కుర్చీని తీసిపారేయను. మన పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లకు ఇచ్చినప్పుడు ఊరూరా ‘సర్పంచ్ పతి’ పుట్టాడు. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది. అయినా రెండోసారి, మూడోసారి గెలిచిన ఆడ సర్పంచులు ఎమ్మార్వో ఆఫీసులో బల్ల గుద్ది మాట్లాడటం నేను చూశాను. ఇక మన పార్లమెంటు సంగతి. మూడో వంతు స్థానాల చట్టం 2023 సెప్టెంబర్‌లో నెగ్గించుకున్నాం. అమలును జనాభా లెక్కలకూ, నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టుకున్నాం. ఎవరి కథ చెప్పేటప్పుడైనా మన గుమ్మం ముందు చెత్త కనబడుతూనే ఉంటుంది.

*

ఈ దేశంలో ఉంటున్నవాళ్లలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా పరదేశీయులు. వాళ్లకు ఓటు ప్రసక్తే లేదు. అందులో మనవాళ్లు ఎందరో. భవనాలు కట్టే మగవాళ్ల గురించి చాలామంది రాశారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, గల్ఫ్ భాషలో ‘ఖద్దామా’లు, గోదావరి జిల్లాల నుంచి, కడప, రాయచోటి వైపు నుంచి వచ్చినవాళ్లు, మండలి చరిత్రలో ఎక్కడా కనబడరు. కానీ ఎమిరాతీ స్త్రీ కార్యాలయానికీ, న్యాయస్థానానికీ, మండలికీ వెళ్లిన ప్రతి ఉదయం ఆ ఇంట్లో పిల్లాడికి పాలు పట్టింది మరో దేశపు ఆడది.

షార్జాలో రోలా ప్రాంతంలో నాకు ఒకావిడ పరిచయం. రాజోలు అవతల ఊరు. నాలుగున్నరకు లేచి, మేడమ్ పిల్లలు నలుగురికీ స్కూలు డబ్బాలు సర్ది, ఏడింటికి మేడమ్ కారెక్కే దాకా నిలబడే ఉంటుంది. మోకాళ్లకు రాసుకునే నూనె సీసా సంచీలోనే ఉంటుంది. 2019 ఎన్నికలైన వారానికి అడిగింది.

“మేడమ్ ఓటేసొచ్చిందండి. వేలు చూపించమన్నాను. మచ్చ లేదు. వీళ్లకి ఇంకు పుయ్యరా?”

“ఇక్కడ మిషన్‌లో కార్డు పెట్టి వేస్తారమ్మా. ఇంకు అక్కర్లేదు.”

“అలాగా. నాకైతే వేలికి మచ్చుంటేనే ఓటేసినట్టుంటదండి.” కాసేపాగి, “మా ఊళ్లో లిస్టులోంచి నా పేరు తీసేశారంట. ఎనిమిదేళ్లు ఊళ్లో లేను కదా.”

పరదేశంలో ఉన్న భారతీయులు ఓటరుగా పేరు నమోదు చేసుకోవచ్చని 2010లో చట్టం సవరించారు. అయితే ఓటు మాత్రం సొంత ఊరికి వచ్చే వేయాలి. రెండేళ్లకో సెలవు దొరికే మనిషికి పోలింగు తేదీ ఎక్కడ కలిసొస్తుంది? ఇంటి పనివాళ్ల కోసం ఎమిరేట్స్ 2017లో చట్టం చేసింది. వారానికి ఒక రోజు విశ్రాంతి, రోజుకు పన్నెండు గంటల విరామం, అందులో ఎనిమిది గంటలు ఏకబిగిన, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో సెలవు, పాస్‌పోర్టు పనివాళ్ల దగ్గరే ఉండాలి. మంచి చట్టం. వారం సెలవు మాట ఎత్తితే ఆవిడ నవ్వి, మేడమ్ మంచిదేనండి, శుక్రవారం మధ్యాహ్నం చర్చికి పంపుద్ది అంది. చట్టంలో ఉన్నది రోజు, చేతికి అందింది పూట. అందిన ఆ పూటను కూడా ఆవిడ మేడమ్ మంచితనం కిందే లెక్క వేసుకుంది. మండలిలో ఇరవై మంది స్త్రీలు కూర్చున్నారని చెప్పాను. ఎంతో సంతోషపడి, “మా మేడమ్ కూడా నిలబడొచ్చు కదండీ, బాగా చదువుకుంది” అంది.

*

వచ్చే వారం కువైట్. అక్కడ కథ తలకిందులు. 1999లో ఆడవాళ్లకు ఓటు ఇస్తున్నానని అమీర్ ప్రకటిస్తే, మగవాళ్లు ఎన్నుకున్న పార్లమెంటు దాన్ని కొట్టిపారేసింది. రెండో బిల్లు రెండే ఓట్ల తేడాతో వీగింది, 32కి 30. ఆ తర్వాత ఆరేళ్లకు కువైట్ ఆడవాళ్లు నీలం రంగును గుర్తుగా ఎంచుకుని పార్లమెంటు ముందుకు వచ్చారు.